పిల్లి ఉన్న ఇంటికి కుక్కను తెచ్చేటప్పుడు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు పాత ఇళ్లలో వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనబడుతుంది. అన్ని తలుపులూ తీసి ఉంటే పిల్లిని తరమడానికి కుక్కకు అంతకంటే మంచి దారి ఉండదు. అందుకే కుక్క వచ్చే ముందురోజే ఇల్లు రెండు చెయ్యండి. వంటిల్లు, పెరడు పిల్లికి. ముందు గది, వీధి అరుగు కుక్కకి. మధ్య తలుపు వారం పాటు మూసే ఉండాలి.

పిల్లికి అటకో, బీరువా మీదో 5 అడుగులకు తగ్గని చోటు ఖాళీ చేసి పాత చీర పరవండి. ఎక్కడానికి పక్కన స్టూలు వెయ్యండి. దాని తిండి గిన్నె గట్టు మీదకి మారాలి, లేకపోతే కుక్క ఖాళీ చేస్తుంది. లోపలే దొడ్డికి వెళ్లే పిల్లయితే బేసిన్‌లో 3 అంగుళాల ఏటి ఇసుక పోసి కుక్క చేరలేని మూల పెట్టండి. పిల్లి పెంట కుక్కలకి మహా ఇష్టం.

ముందు వాసనలు కలపాలి. ఒక పాత తువ్వాలుతో కుక్క మెడా, వీపూ తుడిచి పిల్లి తిండికి కాస్త దూరంలో పెట్టండి. పిల్లి బుగ్గలు తుడిచిన గుడ్డ కుక్క పక్క దగ్గర వెయ్యండి. బుస్సుమన్నా కంగారు పడక్కర్లేదు. గుడ్డ పక్కనే మామూలుగా తింటోందంటే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు. అప్పుడు మూసిన తలుపుకు అటొకటి, ఇటొకటి గిన్నెలు పెట్టి, రోజుకో అడుగు చొప్పున దగ్గరికి జరపండి.

చూపులు కలిపే రోజు కుక్కను బాగా తిప్పి, అలిసాక తీసుకురండి. గొలుసు వద్దు, దాని చప్పుడుకే పిల్లి బెదురుతుంది. 6 అడుగుల నైలాన్ పట్టా చాలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్కలు దగ్గర ఉంచుకోండి. కుక్క పిల్లిని చూసి, తల తిప్పి మీవైపు చూసిన ప్రతిసారీ ఒక ముక్క. 5 నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఇంట్లో ఒకరు ‘వదులు’ అని, మరొకరు ఒడియాలో ‘ఛాడ’ అని అరిస్తే కుక్కకి ఏదీ పట్టుబడదు. అందరూ ఒకే మాట వాడండి.

పిల్లిని చంకనెత్తుకుని కుక్క ముందుకు తీసుకెళ్లడం అందరూ చేసే పనే, అన్నిటికంటే చెడ్డది కూడా. పారిపోయే దారి లేక ముందు మీ చెయ్యి చీరుతుంది, తర్వాత కుక్క కన్ను. ఎప్పుడు దగ్గరికి రావాలో పిల్లే తేల్చుకోవాలి. రక్కినా, కరిచినా ఆ చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

కుక్క తోక ఊపుతూ గంతులేస్తే చాలావరకు అది అల్లరే. ఒళ్లు బిగబట్టి, నోరు మూసి, రెప్ప వెయ్యకుండా పిల్లినే చూస్తూ, పిలిచినా చెవి కదపకపోతే మాత్రం అది వేట చూపు. వెంటనే గది దాటించండి. రెండు మూడు వారాలైనా ఆ చూపు మారని కుక్కను పిల్లితో ఒంటరిగా ఎప్పటికీ వదలకూడదు. మిగతా వాటినైనా నెల దాకా కనిపెట్టుకునే ఉండాలి.

ఇక మందుల సంగతి. కుక్కపిల్లకి 6–8 వారాల వయసు నుంచి డిస్టెంపర్, పార్వో టీకాలు, 3 నెలలకు రేబిస్ టీకా. పిల్లికి కూడా రేబిస్ టీకా ఉండాలి. నులిపురుగుల మందు రెండింటికీ. అసలు ప్రమాదం పిడుదుల మందుతో. పశువులకు తెచ్చిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి బకెట్లో కలిపి కుక్క మీద పోసేస్తుంటారు. కుక్కలకు మెడ మీద వేసే చుక్కల్లో కొన్నిటిలో పెర్‌మెత్రిన్ ఉంటుంది. ఈ జాతి మందుల్ని పిల్లి లివర్ విరగ్గొట్టలేదు. తడి ఆరని కుక్కను ఒరుసుకుని, ఆ ఒళ్లు నాక్కుంటే చాలు, వణుకు, మూర్ఛలు వస్తాయి. పిల్లున్న ఇంటికి అని చెప్పి డాక్టరుతోనే మందు రాయించుకోండి.

ఈ గొడవలో పిల్లి అటక దిగకుండా 24 గంటలు దాటి ఏమీ తినకపోతే అలకని వదిలెయ్యొద్దు. తిండి మానిన పిల్లికి రెండు మూడు రోజుల్లోనే లివర్‌కు కొవ్వు పట్టొచ్చు. కుక్కను ముందు గదికి పంపి, మళ్లీ గుడ్డల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. అప్పటికీ ముట్టకపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.