ఒంటి సంగతులు కాగితం మీద పెట్టండి

డాక్టర్ దగ్గర కూర్చోగానే వచ్చే ప్రశ్న "ఆఖరి నెలసరి ఏ తేదీన వచ్చింది?" చాలామంది "పోయిన నెల మధ్యలో అనుకుంటా" అంటారు. నీరసం ఎప్పట్నుంచి, ఇంట్లో బీపీ ఎంత ఉంటోంది, ఇంతకుముందు ఏ మాత్రలు వాడారు అని అడిగినా జవాబు ఉజ్జాయింపుగానే వస్తుంది. మందూ, పరీక్షా నిర్ణయమయ్యేది ఆ ఉజ్జాయింపుల మీదే. ఆరోగ్యం మన చేతిలో ఉండాలంటే మొదట తెలియాల్సింది మన ఒంటికి ఏది మామూలు, ఏది ఎప్పుడు మారింది అన్నది. ఒక నోటుపుస్తకం, బీపీ మిషన్ ఉంటే చాలు, దీనికి ఖరీదైన స్మార్ట్ గడియారాలు అక్కర్లేదు.

నెలసరి లెక్క

మరకలా కనబడిన రోజును వదిలేసి, ప్యాడ్ అవసరమయ్యేలా రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా తీసుకోండి. అక్కణ్నుంచి మళ్లీ ఒకటో రోజు వచ్చేదాకా ఎన్ని రోజులో అదే మీ చక్రం. పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతైనా మామూలే, 28 రావాలని లేదు. రక్తస్రావం 8 రోజులు దాటకూడదు.

రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారో రాస్తే సరిపోదు. కొందరు శుభ్రత కోసం సగం తడవకముందే మారుస్తారు, కొందరు పూర్తిగా నిండేదాకా ఉంచుతారు. అందుకని పక్కనే "నిండింది", "సగం", "మరక" అని ఒక్క మాట వేయండి. గడ్డలు పడితే ఎంత పెద్దవో, నొప్పి పదికి ఎంతో, మాత్ర వేసుకుంటే తగ్గిందో లేదో కూడా రాయండి. మూడు నెలల లెక్క చేతిలో ఉంటే డాక్టర్‌కు చాలా పని తేలికవుతుంది.

గంటకో, రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ అలా వరసగా కొన్ని గంటలు సాగినా, రెండున్నర సెంటీమీటర్లకన్నా పెద్ద గడ్డలు పడినా, రాత్రి మార్చుకోవడానికే నిద్ర లేవాల్సి వచ్చినా అది ఎక్కువ రక్తస్రావమే. "మా అమ్మకూ అక్కకూ ఇంతే" అని ఊరుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి, ఎందుకంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ వంటి జబ్బులు కుటుంబాల్లోనే నడుస్తాయి.

కొన్నిటికి మూడు నెలల లెక్క కోసం ఆగకూడదు. కలయిక తర్వాత రక్తం కనబడటం, గర్భం లేకుండానే మూడు నెలలు నెలసరి రాకపోవడం, నెలసరి ఆగి ఏడాది నిండాక మళ్లీ ఒక్క చుక్కయినా కనబడటం అలాంటివి. వెంటనే చూపించుకోవాలి.

యాప్ వాడేవాళ్లకు ఒక మాట. అది చూపించే అండం విడుదల తేదీ పాత నెలల మీద వేసిన అంచనా. తేదీలు అటూ ఇటూ అయ్యేవాళ్లు దాన్ని నమ్మి గర్భం రాకుండా చూసుకుందామనుకుంటే మోసపోతారు.

ఐరన్: మాత్ర ఎందుకు పనిచేయడం లేదు?

గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకన్నా తక్కువుంటే రక్తహీనత. అయితే హిమోగ్లోబిన్ పడిపోకముందే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఖాళీ అవుతుంది. దాన్ని చూపించేది ఫెరిటిన్ పరీక్ష. అది మిల్లీలీటరుకు 15 నానోగ్రాములకన్నా తక్కువుంటే ఐరన్ లోపం ఖాయం, 30 లోపున్నా చాలామంది డాక్టర్లు చికిత్స మొదలుపెడతారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి ఎగబాకి అంతా బాగున్నట్టు చూపిస్తుంది కాబట్టి ఒంట్లో నలతగా ఉన్న వారంలో ఈ పరీక్ష వద్దు.

ఇక మాత్ర సంగతి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, వీటిలో ఏది తోడైనా ఐరన్ ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. పరగడుపున నీళ్లతో వేసుకుని, టీ కాఫీలు కనీసం గంట తర్వాత తాగండి. విటమిన్ సి తోడైతే మంచిదే. కడుపులో తిప్పితే కొంచెం తిని వేసుకోండి, కాస్త తక్కువ పట్టినా మానేయడంకన్నా నయం. ఒక మోతాదు పడగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, దాదాపు ఒక రోజుపాటు ఐరన్ లోపలికి వెళ్లే దారిని బిగించేస్తుంది. అందుకే రోజుకు రెండు మూడుసార్లు వేసుకుంటే వికారం, మలబద్ధకం పెరుగుతాయి తప్ప అంతకంత లాభం ఉండదు. రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. మలం నల్లగా రావడం మామూలే.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు నీరసం తగ్గగానే మాత్ర ఆపేయడం. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా సుమారు మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. రక్తస్రావానికి చికిత్స చేయించుకోకుండా మాత్రలు మాత్రమే మింగితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ ఐరన్, కాల్షియం మాత్రలకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లు థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి. లేకపోతే లేని జబ్బు రిపోర్టులో కనబడొచ్చు, ఉన్నది దాక్కోవచ్చు.

బీపీ చూసుకునే పద్ధతి

మణికట్టుకు పెట్టేది వద్దు, పై చేతికి కట్టే మిషన్ తీసుకోండి. చేతి చుట్టుకొలత కొలిచి దానికి సరిపడే పట్టీ ఎంచుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, వ్యాయామం లేకుండా చూసుకోండి. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోకూడదు. జాకెట్టు చెయ్యి మీదనుంచి కాకుండా ఒంటికి తగిలేలా పట్టీ కట్టి, చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచండి. మాట్లాడకండి, ఫోన్ చూడకండి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. ఉదయం మాత్రలకు ముందొకసారి, సాయంత్రం ఒకసారి, ఇలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు చూడండి. 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టే లెక్క. ఒక్కసారి 150 వచ్చిందని కంగారు పడి పది నిమిషాలకోసారి కొలిస్తే ఆ కంగారుకే ఇంకా పెరుగుతుంది.

గర్భిణులకు ఈ లెక్క వర్తించదు. 140/90 వస్తే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి, 160/110 వస్తే నేరుగా ఆసుపత్రికే. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టేముందు కూడా బీపీ చూసుకోవాలి. కళ్లముందు మెరుపులు కనబడి ఆ తర్వాత వచ్చే మైగ్రేన్ ఉంటే ఆ మాత్రలు పనికిరావు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

నోటుపుస్తకంలో ఒక పేజీ కాన్పులకు వదలండి. అప్పట్లో బీపీ పెరిగిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకముందే కాన్పయిందా అన్నవి గుండె జబ్బు ముప్పును ముందే చెప్పే గుర్తులు. బిడ్డ పెద్దయ్యాక ఎవరూ అడగరు, మీరే చెప్పాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన 4 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి.

దగ్గితే మూత్రం జారుతుంటే

కాన్పుల తర్వాత ఇది సహజమేనని సర్దుకుపోవక్కర్లేదు. మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ కిందనుంచి మోసే కటి కండరాలను బలపరిస్తే చాలామందికి తగ్గుతుంది. మూత్రం, గ్యాసు రెండూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ బిగించండి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి ఆగకూడదు. మొదట్లో పడుకుని చేస్తే తేలిక. మూడు నాలుగు సెకన్లు బిగపట్టి, అంతసేపూ పూర్తిగా వదలాలి, క్రమంగా పది సెకన్లదాకా పెంచాలి. ఒక విడతకు 8 నుంచి 10 సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. రెండు వారాలు చేసి లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ.

చాలామంది బిగించబోయి కిందికి ముక్కుతారు. చిన్న అద్దం పెట్టి చూస్తే ఆ భాగం లోపలికి లాగాలి, ఉబ్బితే తప్పు చేస్తున్నట్టు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకండి, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఇబ్బంది ఉంటే ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉండొచ్చు. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది, ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

నడక ఒక్కటే చాలదు

వారానికి 150 నిమిషాల నడక గుండెకు మంచిదే. ఎముకకూ కండకూ మాత్రం బరువు కావాలి, ముఖ్యంగా నెలసరి ఆగిన తర్వాతి కొన్నేళ్లలో ఎముక వేగంగా తరిగిపోతుంది కాబట్టి. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడను నెట్టడం, బరువు ఎత్తి దించడం చేయండి. 8 నుంచి 12 సార్లలో ఆఖరి రెండూ కష్టంగా అనిపించాలి. పన్నెండూ తేలికైపోతే బరువు పెంచండి.

తప్పించుకోకూడని పరీక్షలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 30 ఏళ్లనుంచి 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచే, ఇంకా తక్కువ ఎడంతో చేయించుకోవాలి. నెలసరి రోజులు కాకుండా చూసుకోండి, ముందు రెండు రోజులు లోపల క్రీములు వాడకండి. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా పరీక్ష మానకూడదు.

రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి లాగడం, రక్తపు మరక, వీటిలో ఏది కనబడినా నొప్పి లేదని ఊరుకోకండి. క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మొదలుపెట్టేది 40 ఏళ్లకా 50కా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే అడగండి. నార్మల్ అని వచ్చిన రిపోర్టు కూడా దాచి, తర్వాతి పరీక్ష ఏ ఏడాదో దాని మీదే రాసుకోండి.