కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ తేదీ వెనక్కి వెళ్తోందా? నా అనుభవం

ఆమదాలవలసలో మా ఇంట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ 2012 జనవరి 1కి వెళ్లిపోయేది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైటు, మెయిల్ ఏవీ తెరుచుకోవు. మా చెల్లి పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున ఇలాగే అయి, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

క్రోమ్ తీసి మళ్లీ వేశాను, యాంటీవైరస్ ఆపాను, రూటర్ మార్చాను, విండోస్ కూడా కొత్తగా ఎక్కించాను; లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీది బటన్ సెల్ మార్చడం. సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే.

ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల ప్రోగ్రామ్) వెళ్లి సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఇది మాత్రం మానకండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని పక్క రేకు తీశాను. సెల్ అంచున చిన్న క్లిప్పు ఉంది. గోటితో పక్కకి నెడితే సెల్ టక్కున పైకి లేచింది. మల్టీమీటర్‌లో 2.3 వోల్టులే చూపించింది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా నొక్కాను. ఆన్ చేసి, డిలీట్ కీతో బయోస్‌లోకి వెళ్లి, తేదీ, టైము సరిచేసి, మిగతావి ఫోటోలతో పోల్చుకుని ఎఫ్10తో సేవ్ చేశాను.

రెండు నెలలయింది. ఈదురుగాలులకు ఎన్నిసార్లు కరెంటు పోయినా తేదీ కదల్లేదు.

మీకూ ఇదే కారణమని గట్టిగా చెప్పలేను. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటే ముందు టైమ్ జోన్ చూడండి. ల్యాప్‌టాప్ మాత్రం నేను విప్పలేదు. చాలావాటిలో ఈ సెల్ వైరుతో ఉంటుంది.