కారు పెయింటు సంరక్షణ – 7వ పాఠం: పాలిష్ అయ్యాక, సీలెంట్ పూయక ముందు

గత పాఠంతో బోనెట్ మీది సాలెగూడు గీతలు పోయాయి. ట్యూబ్‌లైట్ నీడ అందులో తిన్నగా కనిపిస్తోంది. ఇక సీలెంట్, అంటే పెయింటును కాపాడే పూత, పూసేద్దామనే అనిపిస్తుంది, కానీ ఒక్క పని మిగిలే ఉంది. ఇప్పుడు కంటికి కనిపిస్తున్న మెరుపులో పెయింటు వాటా ఎంత, దాని మీద కూర్చున్న నూనె వాటా ఎంత అన్నది ఇంకా తేలలేదు. ఈ పాఠంలో ఆల్కహాల్ ద్రావణంతో ఆ నూనెను తుడిచేసి ఆ లెక్క తేల్చుకుందాం.

పాలిష్‌లో రాపిడి పొడితో పాటు నూనెలు కూడా ఉంటాయి. ప్యాడ్ సాఫీగా జారడానికీ, పొడి మధ్యలో ఎండిపోకుండా ఉండడానికీ వాటిని కలుపుతారు. కొన్ని రకాల్లో సన్న గీతల్లోకి దిగి వాటిని నింపేసే పదార్థాలు కూడా ఉంటాయి. మెషిన్ పని అయ్యాక మామూలు గుడ్డతో ఎంత తుడిచినా పల్చటి జిడ్డు పొర ఉండిపోతుంది. దాని మీద సీలెంట్ పూస్తే అది క్లియర్ కోట్‌కు (రంగు మీద ఉండే పారదర్శక పొరకు) బదులు జిడ్డును పట్టుకుంటుంది. నాలుగైదు సార్లు కడిగేసరికి జిడ్డు కదులుతుంది, సీలెంట్ కూడా దాని వెంటే పోతుంది. గీతల్లో నిండిన పదార్థం కూడా అప్పుడే కొట్టుకుపోయి, పోయాయనుకున్న గీతలు మళ్లీ తేలతాయి. చాలామంది సీలెంట్ నాసిరకమని తిట్టుకునేది ఈ దశలోనే. నిజానికి తప్పు సీలెంట్‌ది కాదు, దాని కింద మిగిలిన జిడ్డుది.

కార్నూబా వ్యాక్స్ (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం) మాత్రం కొంచెం జిడ్డు ఉన్నా ఓర్చుకుంటుంది. సింథటిక్ సీలెంట్ అంతగా ఓర్చుకోదు, సిరామిక్ కోటింగ్ అయితే అస్సలు ఓర్చుకోదు. మీరు పాలిష్, వ్యాక్స్ కలిసి వచ్చే ఒకే సీసా రకం వాడి ఉంటే ఈ పాఠంలోని తుడుపు చేయకండి. అది ఇచ్చిన రక్షణను మీ చేతులతో మీరే తీసేసినట్టవుతుంది. పాలిష్ కంపెనీ వాళ్లే తమ సీలెంట్‌ను తుడవకుండా నేరుగా పూయమని సీసా మీద రాసి ఉంటే ఆ మాటే వినండి.

తుడిచే ద్రావణం

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాడుకలో ఐపీఏ. కెమికల్స్ అమ్మే షాపుల్లో 99 శాతంది లీటరు సీసాల్లో దొరుకుతుంది. దాన్ని అలాగే వాడకూడదు. చిక్కటి ఐపీఏ క్లియర్ కోట్‌ను కాసేపు మెత్తబరుస్తుంది, పైగా జారుడు లేక గుడ్డ పట్టేసి కొత్త గీతలు పడతాయి. 200 మి.లీ. ఐపీఏకు 800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 20 శాతం ద్రావణం లీటరు తయారవుతుంది. మీ దగ్గర 70 శాతంది ఉంటే 285 మి.లీ. తీసుకుని మిగతాది నీటితో నింపండి. చిన్న కారుకు పావు లీటరు చాలు, మిగిలింది మూత గట్టిగా బిగించి దాచుకోవచ్చు.

నీటి విషయంలో పిసినారితనం వద్దు. బోరు నీళ్లలోని లవణాలు ఆరాక తెల్లటి చుక్కలుగా మిగులుతాయి, అప్పుడు తుడిచి ప్రయోజనమే ఉండదు. బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ కొనండి.

హ్యాండ్ శానిటైజర్‌లోనూ ఆల్కహాల్ ఉంటుంది కదా అని కొందరు దానితో తుడుస్తారు. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ వేస్తారు, అది పెయింటు మీద ఇంకో జిడ్డు పొర అవుతుంది. సర్జికల్ స్పిరిట్‌లో ఇంకేం కలిపారో సీసాను బట్టి మారుతుంది కాబట్టి దాని జోలికీ పోవద్దు. కిరోసిన్ తన నూనెను తానే వదిలిపోతుంది. థిన్నర్ సీసాను కారు దగ్గరకే రానివ్వకండి.

నలుపు, ముదురు నీలం వంటి రంగుల మీద, ముఖ్యంగా క్లియర్ కోట్ మెత్తగా ఉన్న కార్ల మీద, 20 శాతం ఐపీఏతో కూడా సన్న గీతలు పడొచ్చు. అలాంటి వాటికి జారుడు గుణం కలిపి తయారుచేసిన కార్‌ప్రో ఎరేజర్, గ్యోన్ ప్రెప్ వంటి ప్యానెల్ ప్రెప్ ద్రవాలు వాడడం మంచిది. ఖరీదు ఎక్కువే. కానీ నల్ల కారుకు మళ్లీ పాలిష్ పట్టే శ్రమతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

ఇంకొక జాగ్రత్త. ఐపీఏ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పనిచేస్తుంటే గాలి ఆడాలి, పక్కన బీడీ, సిగరెట్, దీపం ఏవీ ఉండకూడదు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

కొత్తగా పెయింట్ చేయించిన ప్యానెల్ ఉంటే దానికి ఈ తుడుపూ వద్దు, సీలెంటూ వద్దు. లోపలి సాల్వెంట్లు పూర్తిగా బయటికి రావడానికి వారాలు పడుతుంది. ఎన్నాళ్లు ఆగాలో పెయింట్ వేసిన షెడ్డులోనే అడగండి, వాడిన పెయింటును బట్టి 30 నుంచి 90 రోజులు చెబుతారు.

విశాఖ గాలితో వచ్చే చిక్కు

పొడి గాలి ఉండే ఊళ్లలో ఈ ద్రావణం కొట్టగానే ఆరిపోతుంది. మన దగ్గర అలా జరగదు. ద్రావణంలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. ఆల్కహాల్ ముందు ఎగిరిపోతుంది, నీళ్లు వెనక మిగులుతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నీళ్లు ఎటూ పోవు. పైగా ఆల్కహాల్ ఎగిరేటప్పుడు ప్యానెల్ మీది వేడిని లాక్కుంటుంది. గాలి 29 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 25 డిగ్రీల దగ్గరే మంచు పట్టడం మొదలవుతుంది. అంటే ఉపరితలం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గాలిలోని తేమ దాని మీదికి దిగుతుంది. తుడిచిన చోట పాలపొరలాంటి మసక వచ్చి, మళ్లీ తుడిస్తే పక్కకు జరుగుతుంటే కారణం ఇదే. జిడ్డు పోలేదనుకుని ఇంకా ఇంకా ద్రావణం కొడితే మసక పెరుగుతుందే తప్ప తగ్గదు.

దీనికి మందు చిన్నదే. ఉక్కపోత రోజుల్లో ఐపీఏను 25 శాతానికి పెంచండి, 30 దాటనివ్వకండి. ఒకేసారి పెద్ద జాగా తడపకండి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి గోడకు తగిలించుకోండి, 85 దాటితే ఆ పూటకు పని ఆపేయండి. వాన వెలిసిన వెంటనే మొదలుపెట్టే ఆలోచన మానుకోండి. ఏడాదిలో ఈ పనికి అన్నిటికంటే అనువైనవి డిసెంబరు, జనవరి.

రెండో చిక్కు ఉప్పు. పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి మళ్లుతుంది. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లలో ఆ గాలికి తుడిచిన ప్యానెల్ మీద కూడా సన్నటి ఉప్పు పొర పడుతుంది. గాజువాక, మల్కాపురం, పాత నగరం వైపైతే ఉప్పుకు దుమ్ము తోడవుతుంది. అందుకే తెల్లవారుజామున మంచు ఆరాక, ఎనిమిది, పదకొండు గంటల మధ్య, నీడలో, వీలైతే షట్టర్ దించుకుని పని చేయండి. దుమ్ము లేవకుండా నేల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లుతారు కొందరు. ఆ అలవాటు మంచిదే గానీ నీళ్లు ఆరేదాకా ఆ గదిలో తేమ పెరుగుతుంది. తడి గుడ్డతో నేల తుడిచి అరగంట ఆగండి.

కారంతా తుడిచి, తర్వాత కారంతా సీలెంట్ పూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒక ప్యానెల్ తుడవండి, దానికి సీలెంట్ పూయండి, తర్వాతే పక్క ప్యానెల్‌కు వెళ్లండి. మధ్యలో పని ఆగి రాత్రి గడిస్తే, తుడిచిన ప్యానెల్‌ను పొద్దున మళ్లీ తుడవాల్సిందే. మీ చెమట చుక్క పడినా అంతే. నుదుటికి తువ్వాలు చుట్టుకోండి.

తుడిచే పద్ధతి

మొదట మాస్కింగ్ టేపులన్నీ తీసేయండి. డోర్ హ్యాండిల్ కింద, కంపెనీ అక్షరాల చుట్టూ, పెట్రోలు మూత అంచున, రబ్బరు బీడింగ్ పక్కన పాలిష్ పొడి ఎండి తెల్ల గీతల్లా ఉంటుంది. మెత్తటి అంగుళం బ్రష్‌తో దాన్ని దులపండి. దులపకపోతే తుడిచేటప్పుడు గుడ్డకు తగిలి ప్యానెల్ అంతటా పరుచుకుంటుంది. పొడి మరీ ఎక్కువుంటే వ్యాక్స్ కలపని మామూలు కార్ షాంపూతో ఒకసారి కడిగి, సందుల్లోని నీళ్లు బ్లోయర్‌తో ఊది ఆరబెట్టండి. వ్యాక్స్ కలిపిన షాంపూ అయితే ఇంకో పొర వేస్తుంది కాబట్టి దాన్ని వాడొద్దు.

300 నుంచి 400 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) పొట్టి నూలు మైక్రోఫైబర్ గుడ్డలు పది, పన్నెండు దగ్గర పెట్టుకోండి. వీటిని ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే కండిషనర్ వాడి ఉంటే పక్కన పడేయండి, ఆ పూత పెయింటుకు అంటుతుంది. గుడ్డను రెండుసార్లు మడిస్తే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి.

టాప్‌తో మొదలుపెట్టి, బోనెట్, డిక్కీ, డోర్లు, చివరికి కింది భాగాలు. చేతి వెనక వైపు ప్యానెల్‌కు ఆనిస్తే వెచ్చగా కూడా అనిపించకూడదు. వేడి మీద ద్రావణం కొట్టగానే ఆరి, కరిగిన జిడ్డు ఎక్కడిదక్కడే వలయంలా గడ్డకడుతుంది. రెండు అడుగుల చదరం జాగాకు మూడు స్ప్రేలు కొట్టి, పది సెకన్లు ఆగి, మొదటి గుడ్డతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తీసుకోండి. గుండ్రంగా తిప్పకండి, నొక్కకండి, గుడ్డ బరువే చాలు. అది తడి మీద ఉండగానే రెండో పొడి గుడ్డతో ఎత్తేయండి. ప్రతి జాగాకు గుడ్డ ముఖం మార్చండి. గుడ్డ వైపు చూస్తూ ఉండండి: క్లియర్ కోట్ లేని పాత కారైతే దానికి పెయింటు రంగు అంటుతుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు గానీ, అలాంటి పెయింటును ఎక్కువసార్లు తుడవకండి.

ఇప్పుడు లైటు ఆర్పి, టార్చిని ప్యానెల్‌కు ఏటవాలుగా పట్టండి. నీళ్లలో పెట్రోలు చుక్క పడ్డట్టు ఇంద్రధనుస్సు రంగులు కదిలితే నూనె ఇంకా ఉంది, మళ్లీ తుడవాలి. రంగు లేకుండా పాలపొర కనిపించి, రెండు నిమిషాల్లో దానంతటదే పోతే అది తేమే, వదిలేయండి. సన్న గీతలు బయటపడితే మాత్రం ఎన్నిసార్లు తుడిచినా పోవు. పాలిష్ దాచిపెట్టినవే అవి. ఫినిషింగ్ ప్యాడ్‌తో ఆ జాగాను మళ్లీ పట్టి, మళ్లీ తుడవండి. నీళ్లు చల్లి ముత్యాల్లా నిలిస్తే బాగుందనే లెక్క ఇక్కడ పనికిరాదు, నూనె మీద కూడా నీళ్లు ముత్యాల్లాగే నిలుస్తాయి.

వచ్చే పాఠానికి ముందు అభ్యాసం

బోనెట్ మధ్యలో నిలువుగా ఒక మాస్కింగ్ టేపు అంటించండి. డ్రైవర్ వైపు సగం పైన చెప్పినట్టు తుడవండి, రెండో సగం ముట్టుకోకండి. టేపు తీసి, రెండు వైపులా ఒకే దూరంలో, ఒకే కోణంలో టార్చి పట్టి చూడండి. తర్వాత బండిని పది నిమిషాలు ఎండలోకి తీసి మళ్లీ చూడండి. తుడవని వైపు మెరుపు ఎక్కువగా, గీతలు తక్కువగా కనిపిస్తే పాలిష్ దశ ఇంకా మిగిలే ఉందని గుర్తు. రెండు వైపులా ఒకేలా ఉంటే మిగతా సగం కూడా తుడిచి, సీలెంట్ సీసా, ఫోమ్ అప్లికేటర్ పక్కన పెట్టుకోండి. ఒక బోనెట్‌కు ఎన్ని చుక్కలు పడతాయో 8వ పాఠంలో అక్కడి నుంచే మొదలుపెడదాం.