ఈసీ క్లీన్‌గానే ఉంది, ప్లాటు మాత్రం పేరెక్కట్లేదు: సమస్య - పరిష్కారం

ఈసీ (ఆస్తి మీది అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, తనఖా ఏమీ లేదని చూసుకుని, బయానా ముట్టజెప్పి, ఆ తర్వాత "ఇంతకూ ఆ సర్వే నంబరు రెవెన్యూలో ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగేవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇప్పటికీ చాలామంది. వరుస తిరగబడింది. ముందు సర్వే నంబరు, తర్వాత ఈసీ, అన్నీ కుదిరాకే బయానా. మొదటి పని ఫోన్‌లో పది నిమిషాలు కూడా పట్టదు. దాన్ని వదిలేసినందుకే ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము కోర్టు వాయిదాల్లో ఇరుక్కుంటున్నది.

స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతమని, సాక్షులు ఇద్దరు కావాలని, అసలు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) వెంట ఉండాలని తెలిసినవాళ్ల కోసమే ఇది. అవన్నీ ఉన్నా పని ఎందుకు ఆగుతుందో చూద్దాం.

సబ్ రిజిస్ట్రార్ "ఇది వ్యవసాయ భూమి" అంటాడు, తహసీల్దార్ "ప్లాట్లు మేం చేయం" అంటాడు

అందరికంటే ఎక్కువ ముంచేది ఇదే. ఒక్కోసారి ఇంకో రూపంలో బయటపడుతుంది: బ్యాంకు లోన్ ఇవ్వనంటుంది, లేదా ఇంటి పర్మిషన్ ఆగిపోతుంది. అన్నిటికంటే చెడ్డ రూపం, ఎవరో పాస్‌బుక్కు పట్టుకొచ్చి మీ ప్లాటు చుట్టూ కడీలు పాతడం.

కారణం ఇది. సాగర్ రోడ్డు, శ్రీశైలం రోడ్డు, బెంగళూరు రోడ్డు, విజయవాడ రోడ్డు వెంట పాత వెంచర్లు చాలావరకు ఒకే తీరుగా నడిచాయి. రైతు దగ్గర జీపీఏ (అతని తరఫున అమ్మే అధికారమిచ్చే పత్రం) రాయించుకుని, రాళ్లు పాతి, ప్లాట్లుగా అమ్మారు. ఆ అమ్మకాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకాల్లోకి ఎక్కాయి. రెవెన్యూ వాళ్ల భూమి రికార్డైన పహాణీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవాలన్న చట్టం 2006లో వచ్చింది. అందరూ నాలా అనేది దాన్నే. ఆ మార్పిడి కొందరు చేయించలేదు, కొందరు డబ్బు కట్టి ప్రొసీడింగ్స్ (మార్పిడి ఉత్తర్వు) తెచ్చుకున్నా పహాణీలో రాయించుకోలేదు.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు పహాణీలో ఏముంటే దాన్నే ఆధారం చేసుకున్నారు. ప్లాట్లు పడి పదిహేనేళ్లయిన భూమికి కూడా పాత పట్టాదారు పేరు మీద కొత్త పాస్‌బుక్కు వచ్చింది. 2020 నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ ధరణి పోర్టల్ ద్వారా తహసీల్దార్ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి నడుస్తున్నది.

మోసం ఇక్కడ దాగి ఉంది. 2020 నవంబరు నుంచి ఒకే నేలకు రెండు లెక్కలు నడుస్తున్నాయి. గజాల లెక్క రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర, ఎకరాల లెక్క తహసీల్దార్ దగ్గర. మీరు తీసే ఈసీ గజాల లెక్కది. పట్టాదారు చనిపోయి, కొడుకులు విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయించుకుని, ఆ నాలుగెకరాలను గుండుగుత్తగా ఇంకొకరికి తహసీల్దార్ దగ్గర రాసిచ్చినా, ఆ అమ్మకం మీ ప్లాటు ఈసీలో కనపడదు. దాని ఈసీ వేరుగా, భూభారతిలో తీయాలి. "ఈసీ క్లీన్" అన్న మాట సగం లెక్కకే వర్తిస్తుందని అందుకే అనేది.

చూసుకునే పద్ధతి చెబుతాను. లింకు డాక్యుమెంటులో ఆఖరి పేజీల్లోని షెడ్యూలు తీయండి. అందులో "సర్వే నంబరు 214, ప్లాటు నంబరు 37, 200 చదరపు గజాలు" అని ఉందనుకుందాం. భూభారతిలో భూమి వివరాలు చూసే చోట జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని 214 కొట్టండి. ఒక్క బై నంబరు (సర్వే నంబరులోని ఉపభాగం) చూసి ఆగొద్దు, ఆ సర్వే నంబరు కింద ఉన్న ప్రతి ఖాతా తెరవండి. విస్తీర్ణం 4.2000 అని ఉంటే నాలుగు పాయింట్ రెండు ఎకరాలు అనుకోకండి. అది నాలుగు ఎకరాల ఇరవై గుంటలు. చుక్క తర్వాత మొదటి రెండంకెలు గుంటలు.

ఇప్పుడు లెక్క వేయండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. నాలుగు ఎకరాల ఇరవై గుంటలంటే 180 గుంటలు, అంటే 21,780 గజాలు. లేఅవుట్ కాగితంలో 200 గజాల ప్లాట్లు 72 ఉన్నాయనుకుంటే వాటికి 14,400 గజాలు పోతాయి, రోడ్లకు, ఖాళీ స్థలానికి 7,380 మిగులుతాయి. అంటే ఆ సర్వే నంబరు మొత్తం వెంచర్‌లో కరిగిపోయింది, రైతు పేరు మీద ఒక్క గుంట కూడా మిగలకూడదు. తెర మీద మాత్రం ఇంకా 4.2000 అని, ఎదురుగా పట్టాదారు పేరు, వ్యవసాయ భూమి అని కనపడుతుంటే జబ్బు దొరికినట్టే.

బై నంబర్ల దగ్గర ఇంకో చిక్కు. పాత దస్తావేజులో 214/ఎ అని ఉంటుంది. అది ఇంగ్లిషులో రాసింది, రెవెన్యూలో 214/అ. ఇంగ్లిషులో రెండు ఎలు కలిపి రాస్తే అది 214/ఆ. ఈ తేడా తెలియక పక్క ఖాతా తెరిచి "మనది కాదులే" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఉన్నారు. ప్రక్షాళన తర్వాత బై నంబర్లు మారిన ఊళ్లూ ఉన్నాయి. అందుకే అన్ని ఖాతాలూ తెరవమనేది.

ఇక పరిష్కారం.

ఇంకా కొనలేదా? అయితే సులువు. బయానా ఇవ్వకండి. "రికార్డు సరిచేయించి రండి, అప్పుడు మాట్లాడదాం" అని అమ్మేవాళ్లకు చెప్పండి. "రిజిస్ట్రేషన్ అయితుంది, అదంతా ఎవరు చూస్తరు" అన్న మాటకు లొంగొద్దు.

కొనేశారు, పట్టాదారు ఊళ్లోనే ఉన్నాడు, భూమి ఇంకా ఎవరికీ పోలేదు. అతణ్ని ఒప్పించి నాలా మార్పిడికి దరఖాస్తు పెట్టించడం దగ్గరి దారి. ఫీజు ఎవరు కట్టాలన్న దగ్గర పేచీ వస్తుంది. ప్లాట్ల వాళ్లంతా గజానికింత అని పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది పెద్ద మొత్తం కాదు. అతను ఒప్పుకోకపోతే, లేదా నాలా అప్పుడే అయి రికార్డులో మాత్రమే ఎక్కలేదంటే, రికార్డు సవరణకు భూభారతిలో దరఖాస్తు చేయాలి. జతచేయాల్సినవి: మీ దస్తావేజు, రైతు ఇచ్చిన జీపీఏ సీసీ కాపీ (ఆఫీసు ధ్రువీకరించిన నకలు), లేఅవుట్ నక్షా, ఈసీ, నాలా ప్రొసీడింగ్స్ ఉంటే అవి, ఇంటి పన్ను లేదా ఖాళీ స్థలం పన్ను రసీదులు, మోక మీద (స్థలం దగ్గరే) తీసిన ఫొటోలు. ఒక్క ప్లాటు దరఖాస్తు పక్కన పడుతుంది. 72 మందిలో కనీసం 30, 40 మంది కలిసి ఒకే కట్టగా ఇస్తే అధికారి సర్వే నంబరు మొత్తాన్ని ఒకేసారి చూడగలుగుతాడు. రసీదు నంబరు లేకుండా ఆఫీసు గడప దాటకండి.

పట్టాదారు పోయాడు, కొడుకులు విరాసత్ పెట్టారు. భూభారతిలో విరాసత్‌కు నోటీసు, విచారణ ఉంటాయి. ఆ గడువులోనే తహసీల్దార్‌కు రాతపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. నోటి మాట లెక్కలోకి రాదు. గడువు దాటి ఉత్తర్వు వచ్చేస్తే అప్పీలు దారి ఉంది, కానీ పని పదింతలవుతుంది.

భూమి ఎకరాల్లో ఇంకొకరికి రిజిస్టర్ అయిపోయింది. ఇక్కడ తహసీల్దార్ చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు, రిజిస్టర్ అయిన దస్తావేజును ఆయన రద్దు చేయలేడు. సివిల్ కోర్టులో హక్కు ప్రకటన, ఇంజంక్షన్ దావా వేయాలి. ఒకే ఆస్తిని ఒకరి తర్వాత ఒకరికి రాసిస్తే ముందు రాసిచ్చిన దానికే బలం అన్నది ఆస్తి బదలాయింపు చట్టం 48వ సెక్షను, మీ దస్తావేజు ముందుది కాబట్టి అది మీకు అండ. అయితే హక్కు ప్రకటన దావాకు గడువు మూడేళ్లే, వివాదం మొదలైనప్పటి నుంచి లెక్క. ఊరి పెద్దమనుషుల పంచాయితీలో ఆ మూడేళ్లు కరిగిపోనివ్వకండి. దావా వేసేలోపు ప్లాటు మీ చేతుల్లోనే ఉందని చూపే కాగితాలు పోగుచేయండి: పన్ను రసీదులు, కరెంటు మీటరు ఉంటే బిల్లు, కంచె వేసిన ఖర్చు బిల్లులు.

ఈసీలో అసలు మీ లింకు డాక్యుమెంటే కనపడదు

భయపడాల్సినంత ఏమీ లేకపోవచ్చు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే, అంతకుముందుది ఆఫీసులో చేతితో వెతికించాలి. రెండో కారణం జిల్లాల విభజన. 2016 అక్టోబరులో ఆమనగల్లు, కడ్తాల్, తలకొండపల్లి, షాద్‌నగర్ ప్రాంతాలు పాత మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డిలోకి వెళ్లాయి. చౌటుప్పల్, భువనగిరి యాదాద్రి జిల్లాలోకి వచ్చాయి. మీ ఊరు ఒకప్పుడు ఏ సబ్ రిజిస్ట్రార్ కింద ఉండేదో దస్తావేజు ముద్రలోనే ఉంటుంది. ఆ పేరుతో ఒకసారి, ఇప్పటి ఆఫీసు పేరుతో ఒకసారి వెతకండి. ప్లాటు నంబరుతో కాకుండా డాక్యుమెంటు నంబరు, సంవత్సరంతో వెతికితే త్వరగా దొరుకుతుంది.

పేరు కలవదు

లింకు డాక్యుమెంటులో యాదయ్య, ఆధార్‌లో యాదగిరి. తండ్రి పేరు ఒకదాంట్లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ఇంటిపేరు లేకుండా. అక్షరం తేడా అయితే దస్తావేజులోనే "అలియాస్" చేర్చి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచేస్తే చాలావరకు సరిపోతుంది. పేరే వేరుగా ఉంటే పాత దస్తావేజుకు సవరణ దస్తావేజు రాయించాలి. దాని మీద అప్పుడు అమ్మినవాళ్లు లేదా వాళ్ల వారసులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ స్లాటు రోజు పొద్దున ఆధార్ మార్పించుకుంటే లింకు డాక్యుమెంటు మారదు, దయచేసి ఆ తప్పు చేయకండి.

22-ఎలో ఉంది

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద, రిజిస్టర్ చేయకూడని భూముల నిషేధిత జాబితా ఇది. సర్వే నంబరులో ఒక బై నంబరే అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయినా, వక్ఫ్ అయినా, భూదాన్ అయినా, మొత్తం నంబరుకు తాళం పడి ఉండొచ్చు. ముందుగా తెలుసుకోవాల్సింది ఏ శాఖ రాసి పంపితే అది జాబితాలో చేరిందన్నది. ఆ శాఖ తెలిశాక సేత్వార్ (పాత సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు తీసి, మీ బై నంబరు పట్టా భూమేనని చూపుతూ కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. ఖాస్రా లేకుండా వెళితే తిరిగొస్తారు. భూమి నిజంగానే అసైన్డ్ అయితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు, దానికి మందు లేదు. ఎంత తక్కువ ధరకు వచ్చినా ముట్టుకోకండి.

లేఅవుట్ అనుమతి లేదంటున్నారు

2020 ఆగస్టు 26కు ముందే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాటా, కాదా అన్నది అసలు ప్రశ్న. అయి ఉంటే ఆ దస్తావేజు సీసీ చూపించండి. కాకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) తేలకుండా ముందుకు పోదు.

అమ్మేవాళ్ల తండ్రి పేరు మీదే ఉంది

అన్నదమ్ములు నలుగురూ వచ్చారు, అక్కచెల్లెళ్లను పిలవలేదు. ఆడబిడ్డలకు వాటా ఉంది, వాళ్లు సంతకం పెట్టాలి, లేదా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించి ఇవ్వాలి. "పెళ్లప్పుడు కట్నం ఇచ్చినం" అన్నది కాగితం కాదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఎన్ని పేర్లుంటే అన్ని సంతకాలు దస్తావేజు మీద ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్కపెట్టండి.

మిగతావి, అరుదుగా వచ్చేవి

జీపీఏ ఇచ్చినవాళ్లు చనిపోతే మామూలుగా ఆ జీపీఏ అక్కడితో పోతుంది, వారసులతో రాయించుకోండి. మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి కావాలి. అసలు దస్తావేజు పోతే పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన, సీసీ కాపీ. సంతకాలు పెట్టిన దస్తావేజును నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి, దాటితే జరిమానా పడుతుంది. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద ముందే కోసేది) కోసి కట్టాలి. హద్దులు మోక మీద కలవకపోతే మీసేవలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి సర్వేయర్‌తో కొలిపించండి.

రిజిస్ట్రేషన్ అయింది, పన్ను రసీదు పాత పేరు మీదే వస్తున్నది

దస్తావేజులో ఇంటి పన్ను లేదా ఖాళీ స్థలం పన్ను అసెస్‌మెంట్ నంబరు తప్పు పడినప్పుడు, అసలు రాయనప్పుడు ఇలా అవుతుంది. మున్సిపాలిటీలోనో, గ్రామ పంచాయతీలోనో దస్తావేజు నకలు ఇచ్చి మ్యుటేషన్ (పేరు మార్పు) పెట్టించండి. రసీదు మీ పేరుతో వచ్చాక భూభారతిలో ఆ సర్వే నంబరు ఇంకోసారి తెరిచి, పట్టాదారు ఎదురుగా ఎన్ని గుంటలు చూపిస్తున్నదో చూడండి.