వెడల్పు రిమ్ములు వేయించాక వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

పాత రోడ్ సైకిళ్ల రిమ్ములకు లోపలి వెడల్పు 13-15 మి.మీ. ఉండేది. ఇప్పుడు 19, 21, ఒక్కోసారి 25 కూడా వస్తోంది. లోపలి వెడల్పు అంటే టైర్ బీడ్లు (టైర్ రెండు గట్టి అంచులు) కూర్చునే రెండు గోడల మధ్య దూరం. టైర్ విషయంలో బయటి కొలతతో పని లేదు.

టైర్ ఫ్రేమ్‌కో మడ్‌గార్డ్‌కో రాసుకుంటోంది

ముందు చక్రం సరిగ్గా కూర్చుందో, ఊగుతోందో చూడండి. అది బాగానే ఉంటే కారణం టైర్ ఉబ్బడమే. రిమ్ లోపలి వెడల్పు 1 మి.మీ. పెరిగితే టైర్ వెడల్పు సుమారు 0.4 మి.మీ. పెరుగుతుంది. 15 నుంచి 21కి మారారంటే అదే టైర్ 2 మి.మీ. పైగా లావెక్కినట్టే. గాలి నింపి ఒక రోజు ఉంచాక వెర్నియర్‌తో కొలవండి. రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ లేకపోతే ఒక సైజు తగ్గించండి, అదీ రిమ్ ఒప్పుకుంటేనే.

టైర్ కొనేటప్పుడు 28-622 లాంటి అంకెలో 622 కూడా చూసుకోండి, అది టైర్ కూర్చునే చోట రిమ్ వ్యాసం, మి.మీ.లలో. మన పాత నల్ల సైకిళ్ల 28×1½ టైర్ 635 కొలతది. పేరులో 28 ఉన్నా 700×28 (అంటే 622) చక్రానికి పట్టదు.

గతుకుల్లో ఎగురుతోంది, చేతులు నొప్పెడుతున్నాయి

చాలామంది వెంటనే చక్రాన్ని తిట్టేది ఇక్కడే. తప్పు చక్రానిది కాదు, పాత అలవాటు ప్రకారం కొట్టిన గాలిది. టైర్ లావయ్యాక అదే ప్రెషర్ దాని గోడలను ఇంకా బిగువుగా లాగుతుంది, అందుకే గట్టిగా అనిపిస్తుంది. ముందు, వెనక చక్రాల్లో 5 పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ ఒకే రోడ్డు మీద తొక్కి చూడండి. మలుపులో టైర్ పక్కకు జారుతున్నట్టు ఉన్నా, గుంతలో రిమ్ నేలకు తగిలినా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. బరువు ఎక్కువగా వెనకే పడుతుంది కాబట్టి వెనక కాస్త ఎక్కువ ఉంచాలి. పంప్ మీటర్ కచ్చితంగా లేకపోయినా ఫర్వాలేదు, ఎప్పుడూ అదే పంపు వాడితే చాలు.

మలుపులో సైకిల్ ఒక్కసారిగా పడిపోతున్నట్టుంది

రిమ్ మరీ వెడల్పై టైర్ సన్నగా ఉంటే పైభాగం చదునవుతుంది, పక్క గోడలు రాళ్లకు దొరుకుతాయి. మౌంటెన్ టైర్లలో పక్క ముళ్లు పైకి వచ్చేస్తాయి. ఇంకాస్త లావు టైర్ వేయండి. సన్న రిమ్ మీద లావు టైర్ వేస్తే దీనికి పూర్తి వ్యతిరేకం: బల్బులా ఉబ్బి, గాలి తక్కువైతే మలుపులో మెలికలు తిరుగుతుంది.

బ్రేక్ ప్యాడ్లు తగులుతున్నాయి

రిమ్ బ్రేకులకే ఈ గొడవ. కేబుల్ వదులు చేసి ప్యాడ్లను మళ్లీ అమర్చండి. కాలిపర్ (ప్యాడ్లను పట్టుకునే బ్రేక్ చేతులు) పూర్తిగా తెరిచినా చాలకపోతే ఆ చక్రం ఆ సైకిల్‌ది కాదు.

ట్యూబ్‌లెస్‌లో స్పోక్ రంధ్రాల నుంచి గాలి పోతోంది

పాత రిమ్ టేపే వాడి ఉంటారు. టేపు లోపలి వెడల్పు కంటే 2-4 మి.మీ. ఎక్కువ ఉండాలి.

హుక్‌లెస్ రిమ్ మీద 28 టైర్ వదులుగా అనిపిస్తోంది

తొక్కడం ఆపండి. హుక్‌లెస్ అంటే టైర్ అంచును పట్టి ఉంచే కొక్కెం గోడల మీద లేని రిమ్. లోపల 25 మి.మీ. ఉన్న హుక్‌లెస్ రిమ్‌కు కనీసం 29 టైర్ కావాలి, ప్రెషర్ 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్‌ఐ దాటకూడదు. 2024 యూఏఈ టూర్ సైకిల్ రేసులో బెల్జియం రేసర్ థామస్ డి గెంట్ పడినప్పుడు టైర్ రిమ్ వదిలి వచ్చేసింది, 25 రిమ్, 28 టైర్ జోడీ మీద చర్చ పెరిగింది అప్పుడే. టైర్ పక్కన హుక్‌లెస్‌కు సరిపోతుందని రాసి లేకపోయినా, రిమ్ కంపెనీ ఇచ్చిన పట్టికలో ఆ టైర్ పేరు కనబడకపోయినా దాన్ని ఎక్కించకండి.