ఒంటిచేత్తో టిన్ను దుంపల వేపుడు

కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో కూర్చున్నప్పుడు అబ్బిన విద్య ఇది. మెట్లు దిగుతూ ఫోను చూసుకోవడం నా తప్పే, దాని సంగతి వదిలేద్దాం. ఎడమచేత్తో బంగాళాదుంప చెక్కు ఎప్పుడైనా తీశారా? దుంప సింకులోకి దూకుతుంది, పీలర్ నేలమీద పడుతుంది, ఏడుపొక్కటే తక్కువ. అలాంటి పూట అల్మరా వెనక వరసలో, ఎప్పుడో కొని మరిచిపోయిన బంగాళాదుంపల టిన్ను కనబడింది. చెక్కు తీసే పని లేదు, ఉడకబెట్టే పని లేదు. ఎయిర్ ఫ్రయర్‌లో వేసి బటన్ నొక్కితే కరకరలాడుతూ వచ్చేస్తాయనుకున్నాను.

రాలేదు. ఇరవై నిమిషాల తర్వాత బుట్ట బయటికి లాగితే పాలిపోయిన ముద్దలు. పైన జిడ్డు, కొరికితే తోలులా సాగుడు. మా ఆయన ఒకటి నోట్లో వేసుకుని "బాగానే ఉన్నాయి" అన్నారు. ఆ "బాగానే" ఏ రకమో ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలుసు. కట్టు విప్పేలోపు పద్నాలుగు టిన్నులు ఖర్చయ్యాయి. ఎనిమిదో టిన్నుకి గాని దారిలో పడలేదు. ఆ మొదటి ఏడూ మీకు తప్పిద్దామనే ఇదంతా రాస్తున్నాను.

టిన్నులో ఉన్నది పచ్చి దుంప కాదు, పూర్తిగా ఉడికిన దుంప. మూత బిగించాక డబ్బాను డబ్బాగానే ఒత్తిడితో కూడిన ఆవిరిలో పెట్టి, సుమారు 121 డిగ్రీల సెల్సియస్‌లో వేడి చేస్తారు. లోపల మొండి సూక్ష్మజీవులేవీ మిగలకుండా ఉండాలంటే అంత వేడి కావాలి. ఆ వేడికి దుంప ఎలాగూ ఉడికిపోతుంది. కాబట్టి లోపల ఉడికిందా లేదా అన్న బెంగ మనకి లేదు. మన పనల్లా నీళ్లని తరిమెయ్యడమే. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది గాని అంతకు మించి వేడెక్కదు. దుంప పైభాగం ఎర్రబడాలంటే సుమారు 140 దాటాలి. పైన తడి ఉన్నంతసేపూ మీరు 200లో పెట్టినా సరే, ఆ దుంప ఆవిరిమీద ఉడుకుతున్నట్టే లెక్క. వేగుతున్నట్టు కాదు.

ఇంకో చిక్కు ఉంది, అది లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. దుంపలు, నీళ్లు, ఉప్పు, ఆ తర్వాత చాలా టిన్నుల్లో కాల్షియం క్లోరైడ్. డబ్బాలో నెలల తరబడి నీళ్లలో ఉన్నా దుంప చితికి ముద్దవకుండా గట్టిగా నిలబడేది దానివల్లే. మంచిదే, కానీ మనకి అడ్డం. ఇంట్లో ఉడకబెట్టిన దుంపల్ని గిన్నెలో వేసి మూతపెట్టి గట్టిగా కుదిపితే అంచులు గరుకెక్కి పొట్టు లేచినట్టవుతాయి, ఆ గరుకే తర్వాత కరకర. ఆ కిటుకు టిన్ను దుంపల మీద పారదు. నేను చెయ్యి నొప్పి పుట్టేదాకా కుదిపాను. నున్నగా గోళీల్లా వెళ్లినవి గోళీల్లాగే తిరిగొచ్చాయి. ఆ గరుకుదనం మనమే వేరే దారిలో తెప్పించాలి, దాని దగ్గరికి వస్తాను.

టిన్ను తెరవడం. రింగు ఉన్న మూతైతే ఒంటిచేతివాళ్లు రింగు కింద చెంచా కాడ దూర్చి పైకి లేపండి, గోళ్లు విరగవు. రింగు లేకపోతే ఓపెనర్ పట్టుకోగలిగే మనిషిని పిలవండి. (రేకు డబ్బాకి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1810లో. ఓపెనర్‌కి పేటెంట్లు 1850ల్లో గాని రాలేదు. మధ్యలో ఉలీ సుత్తీ పట్టుకుని తెరుచుకున్నారట. ఆ మాట తలుచుకుంటే నా కష్టం ఒక కష్టమే కాదనిపించింది.) మూత ఉబ్బి ఉన్నా, అంచు దగ్గర కారుతున్నా, తెరవగానే బుస్సున చిమ్మినా రుచి చూసే సాహసం వద్దు, అలాగే పారేయండి. బొట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం వాసనతో రుచితో తెలిసేది కాదు.

ఇక నీళ్లు వంపేసి, దుంపల్ని చిల్లుల గిన్నెలో వేసి చల్లటి నీళ్లతో కడగండి. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అన్నట్టు, ఆరబెట్టాల్సిన దుంపని మళ్లీ తడపడమెందుకని మొదట్లో నేనూ కడగలేదు. కానీ డబ్బాలోవి వట్టి నీళ్లు కావు, ఉప్పు కలిసిన పల్చటి గంజి. వేలికి రాసుకుని చూడండి, బంకగా ఉంటుంది. అది దుంప మీదే ఎండితే బుట్టకి అతుక్కుంటుంది, పై పొర బుట్టలోనే ఉండిపోతుంది. ఒక్క నిమిషం కడిగితే చాలు. 425 గ్రాముల టిన్ను వంపేశాక నా త్రాసు మీద 270 గ్రాముల దాకా తూగింది, అంటే ఇద్దరికి పక్కన పెట్టుకునేంత. నలుగురికి కావాలంటే రెండు టిన్నులు, రెండు వాయిలు. ఒకే వాయిలో రెండు టిన్నులు కాదు.

ఆరబెట్టడం దగ్గర ఎంత ఓపిక పడితే అంత ఫలితం. పాత నూలు తువ్వాలు పరిచి, దుంపలు దాని మీద పోసి, సగం పైకి మడిచి అరచేత్తో అటూ ఇటూ దొర్లించండి. తువ్వాలు తడిసిపోతే పొడిగా ఉన్న వైపుకి మార్చండి. పది నిమిషాలు గాలికి వదిలెయ్యండి. ఇక్కడితో అయిపోయిందనుకుని ఐదో టిన్ను దగ్గర దెబ్బతిన్నాను. పైన పొడిగా కనిపించినా లోపల తడి అలాగే ఉంటుంది, వేడి తగలగానే అది పైకి వస్తుంది. అందుకని నూనె వెయ్యకుండా, ఏమీ వెయ్యకుండా, వట్టి దుంపల్ని ఎయిర్ ఫ్రయర్‌లో 200 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు తిప్పుతాను.

ఆ ఐదు నిమిషాల తర్వాత బుట్ట లాగినప్పుడు దగ్గరగా చూడండి. ముందు గుప్పుమని ఆవిరి, కళ్లద్దాలుంటే మంచు పట్టేస్తాయి. అది తగ్గాక దుంప రంగు పెద్దగా మారి ఉండదు, మెరుపు మాత్రం పోయి ఉంటుంది. పెట్టేటప్పుడు నిగనిగలాడిన దుంప ఇప్పుడు సుద్దముక్కలా, బూడిద పూసినట్టు ఉంటుంది. అక్కడక్కడ సన్నటి ముడత. వేలితో తాకితే అంటుకోదు, తడి తెలియదు. ఇంకా మెరుస్తుంటే మరో రెండు నిమిషాలు. ఈ సుద్ద రంగు రాకుండా నూనె వేశారో, తడి మీద నూనె నిలవదు, జారి బుట్ట కిందికి చేరుతుంది.

ఇప్పుడు గరుకుదనం. వేడిగా ఉన్నప్పుడే దుంపల్ని పళ్లెంలో పెట్టి, ఒక్కోదాని మీద గ్లాసు అడుగు ఆనించి మెల్లగా నొక్కాలి. గ్లాసు అడుక్కి ఒక చుక్క నూనె రాసుకుంటే అతుక్కోదు. చల్లారిన దుంప అయితే టప్పున రెండు చెక్కలై పక్కకి ఎగురుతుంది. వేడి దుంప లొంగుతుంది, చుట్టూ అంచు పగిలి చిన్న చిన్న రెక్కల్లా విచ్చుకుంటుంది. వేలిమందం మిగిలేదాకా నొక్కండి. ఇంకా పలచన చేస్తే తిరగేసేటప్పుడు విరుగుతుంది. ఆ విచ్చుకున్న అంచులే రేపు పళ్ల కింద కరకరలాడేవి. లోపలి ఆవిరి పోవడానికీ అవే దారి. కట్టు విప్పి చాలాకాలమైనా గ్లాసు మాత్రం నేను ఎడమచేత్తోనే నొక్కుతాను, కుడిచెయ్యి తొందరపడుతుంది.

నొక్కడం ఇష్టం లేదు, గుండ్రంగానే కావాలి అంటే, లేదా మీరు తెచ్చింది ముక్కల టిన్ను అయితే, నూనె పట్టించాక రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లి కలపండి. పిండి పలచగా పట్టుకుని పైన పెంకులా గట్టిపడుతుంది. నొక్కిన దుంపకి అది అక్కర్లేదు, వేస్తే నాకు పొడిపొడిగా పిండి రుచి తగులుతుంది.

నూనె ఒక టిన్నుకి ఒక పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు. ఎయిర్ ఫ్రయర్ అంటే నూనె లేని వంట అని కొందరి పట్టుదల. అలా చేస్తే దుంప ఎండుతుంది గాని వేగదు. ఆ పలచటి నూనె పొరే వేడిని దుంప మీద మూలమూలకీ చేరుస్తుంది. వాసన లేని రిఫైన్డ్ నూనె ఏదైనా సరే. డబ్బాలో గ్యాసుతో వచ్చే స్ప్రే నూనెలు మాత్రం బుట్ట మీద కొట్టకండి. వాటిలో చాలావాటికి లెసిథిన్ కలుపుతారు, అది నాన్‌స్టిక్ పూత మీద పేరుకుని గోకినా పోని బంకలా తయారవుతుంది. నా పాత బుట్ట అలాగే పోయింది.

ఉప్పు ఇప్పుడు వద్దు. ఉప్పు దుంపలోని నీళ్లని పైకి లాగుతుంది, ఇంతసేపూ మనం తరిమింది దాన్నే. పైగా టిన్నులో ఉప్పు ముందే ఉంది, చివర్న రుచి చూశాక వేసుకోవచ్చు. వెల్లుల్లి పొడి, కారం లాంటివీ ఇప్పుడే వద్దు. మూడో టిన్నుకి అన్నీ కలిపి ఒకేసారి వేశాను. పన్నెండో నిమిషానికి వెల్లుల్లి నల్లబడి చేదెక్కింది, కారం మాడి ఘాటు లేచి ఇద్దరం కిటికీల దగ్గర నిలబడి దగ్గుకున్నాం. మిరియాల పొడితో సహా పొడులన్నీ, పొయ్యి కట్టేశాక వేడి దుంపల మీద చల్లి గిన్నెలో ఎగరేస్తే ఆ నూనెకే అంటుకుంటాయి.

బుట్టలో పేర్చడం గురించి ఒక మాట. ఫిలిప్స్ వాళ్లు 2010లో ఎయిర్ ఫ్రయర్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఈ యంత్రంలో మాయేమీ లేదు. పైన వేడి కాయిల్, దాని మీద ఫ్యాను, ఆ వేడిగాలిని ఇరుకు గదిలో వేగంగా తిప్పడం, అంతే. గాలి తగలని చోట వేగదు. దుంపలు ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పరవాలి. రెండు టిన్నులు ఒకేసారి కుక్కిన రోజున పై వరస వేగింది, కింది వరస ఉడికింది. కాగితం పరిచే అలవాటుంటే దీనికి మానెయ్యండి, కింద నుంచి గాలి ఆగిపోతుంది. ఖాళీ బుట్టలో కాగితం ఒక్కటే పెట్టి వేడి చేస్తే అది ఎగిరి కాయిల్‌కి తగిలే ప్రమాదం కూడా ఉంది.

200 డిగ్రీలు. నొక్కిన దుంపలకి నా యంత్రంలో 15 నిమిషాలు, గుండ్రటివాటికి 18 నుంచి 20, ముక్కలకి 12. మీ యంత్రం వేరు కాబట్టి గడియారం కన్నా కళ్లనీ చెవుల్నీ నమ్మండి. ఎనిమిదో నిమిషంలో ఒకసారి తెరిచి నొక్కినవాటిని పటకారుతో తిరగెయ్యండి. కుదిపితే రెక్కలు విరిగిపోతాయి. గుండ్రటివాటినైతే హాయిగా కుదపొచ్చు. మొదట్లో బుట్ట కదిపితే దుంపలు మెత్తగా డొబ్బుడొబ్బుమంటాయి. అయ్యాక గలగలమంటాయి, ఎండిన కాయల్లా. నేను ఆ చప్పుడు విన్నాక ఒక్క నిమిషం ఆగి తీసేస్తాను.

రంగు దోరగా, బంగారు రంగులో ఉండగానే ఆపండి. ముదురు గోధుమ రంగు దాకా లాగితే ఇంకా కరకరలాడుతుందనుకుంటాం, చేదెక్కుతుంది. పిండిపదార్థాల్ని 120 డిగ్రీలు దాటి వేడిచేసినప్పుడు అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది.

తీసినవాటిని గిన్నెలో రాశిగా పోసి మూత పెట్టకండి. సొంత ఆవిరికే మెత్తబడతాయి. వెడల్పాటి పళ్లెంలో విడివిడిగా పరిచి, ఉప్పు చూసి, పొడి చల్లి, పది నిమిషాల్లోపు తినెయ్యాలి. తాజా దుంప లోపల ఉండే పొడిపొడి గుల్లదనం దీనికి రాదు. ఆ ఆశ పెట్టుకోకండి. లోపల నున్నగా, కాస్త బరువుగా, వెన్నలా ఉంటుంది. చివర్న నాలుక మీద డబ్బా రుచి లీలగా మిగులుతుంది కొన్నింట్లో. రెండు చుక్కల నిమ్మరసమో వెనిగరో పడితే అది పోతుంది. తినబోయే ముందే చల్లాలి సుమా, ముందే చల్లితే మళ్లీ తడి.

సగం టిన్నే వాడితే మిగతా దుంపల్ని తెరిచిన డబ్బాలో ఉంచకుండా గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యండి. వేగినవి మిగిలితే 180 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు మళ్లీ ఎయిర్ ఫ్రయర్‌లోనే. మైక్రోవేవ్‌లో పెట్టారో, మొదటిరోజు మా ఆయన "బాగానే ఉన్నాయి" అన్న ముద్దలు మీకూ దొరుకుతాయి.