రేకుల ఇంటికి గాలి కట్టు – 3వ పాఠం: చూరు వరుస బోల్టులు

పోయిన పాఠంలో వాసాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించాం. ఈసారి పైకెక్కి రేకుల పని చూద్దాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మా వీధిలో ముందు లేచినవి వసారా రేకులు. అంచు పట్టు తప్పగానే పక్క రేకు, దాని పక్కది వరసగా ఎగిరిపోయాయి. గాలి కప్పును కిందికి నొక్కుతుందనుకుంటాం. కానీ కప్పు మీదుగా జోరుగా పోయే గాలి రేకును పైకి లాగుతుంది, చూరు కింద దూరిన గాలి కింది నుంచి తోస్తుంది. రెండూ కలిసేది అంచుల్లోనే. విశాఖలో ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. జింకు రేకు బరువేమో ఐదారు కిలోలు. ఇక రేకును ఆపాల్సింది బోల్టే.

ముందు చూరులో ఒక బోల్టు విప్పి చూడండి. పైన నట్టు బాగానే ఉంటుంది. వాషరు కింద, మెడ దగ్గర, ఉప్పుగాలికి తుప్పు తినేసి సన్నబడి ఉంటుంది. అలాంటిది ఒక్కటి కనబడినా ఆ వరుసంతా మార్చేయండి. జింకు పూత ఉన్న 8 మిల్లీమీటర్ల జె బోల్టు కొనండి. దాని కొక్కెం అడ్డపైపు కిందికి పూర్తిగా తిరిగి పట్టుకోవాలి.

కన్నం రేకు ఉబ్బు మీదే పెట్టాలి, పల్లంలో పెడితే నీళ్లు కారతాయి. కింద తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు. తారు వాషరు కాస్త అణిగిందా, ఆపేయండి. ఇంకా తిప్పితే సిమెంటు రేకు పగులుతుంది. జింకు రేకులకు నడిమి వరుసల్లో రెండేసి బోల్టులుంటే చూరు, కొప్పు, పక్క అంచుల్లో నాలుగేసి వేయండి. సిమెంటు రేకుకు అన్నేసి కన్నాలు పెట్టడం మంచిది కాదు. అంచు పొడవునా అంగుళంన్నర వెడల్పు ఇనుప పట్టీ పరిచి, దాని మీదుగా బోల్టులు బిగించండి.

సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, పలక వేసుకోండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కన్నం పెట్టే చోట నీళ్లు చల్లి, మంచి మాస్కు కట్టుకుని చేతి డ్రిల్లు వాడండి.

తుఫాను కబురు రాగానే కప్పు మీద రాళ్లు పెట్టే అలవాటు దయచేసి మానండి. రేకు లేచిందంటే ఆ రాయి పడేది ఇంట్లోవాళ్ల నెత్తినే.

వచ్చే పాఠంలోపు గోడ నుంచి చూరు ఎంత బయటికి వచ్చిందో కొలిచి రాసి పెట్టుకోండి. అడుగున్నర దాటితే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.